బస్సు పోయే గుట్టకు గౌరవమెక్కడిది?

హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైటు గుట్టల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఎండకు ఎండి, వానకు తడిసి, ఒకదాని మీద ఒకటి పడీపడనట్టు నిలబడి ఈ బండలు సంపాదించుకున్న పెద్దరికాన్ని ఒక్క పల్లెవెలుగు బస్సు రెండు నిమిషాల్లో మంటగలుపుతోందన్న సంగతిని ఇంతవరకూ ఎవరూ ప్రభుత్వం దృష్టికి తెచ్చినట్టు లేదు. ఎవరో ఒకరు తేవాలి కనుక ఆ భారాన్ని నేను నెత్తికెత్తుకుంటున్నాను. నా కోరిక చాలా చిన్నది. బస్సు దిగి నడిచిపోగలిగిన ఏ గుట్టనైనా ట్రెక్కింగు స్థలాల జాబితా నుంచి తక్షణం తొలగించాలి.

ట్రెక్కింగు అంటే గుట్ట ఎక్కడమేనని భ్రమపడేవారు మనలో ఇంకా ఉన్నారు. ట్రెక్కింగు గుట్టకు చాలా ముందే, గురువారం రాత్రి వాట్సాప్ గ్రూపులో మొదలవుతుంది. తలకు ఇంతని ముందుగా చెల్లించి, దారిలో ఏం జరిగినా నిర్వాహకులకు సంబంధం లేదని రాసిచ్చి, ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకు హైటెక్ సిటీలో మూసి ఉన్న టీకొట్టు ముందు టెంపో ట్రావెలర్ కోసం నిలబడాలి. లోపల పరిచయ కార్యక్రమం ఉంటుంది. ఒక్కొక్కరూ లేచి పేరు, కంపెనీ, ఇష్టమైన జంతువు చెప్పాలి. కాళ్లకు చీలమండలు దాటే బూట్లు, వీపున గొట్టంతో నీళ్లు పీల్చుకునే సంచి, చేతిలో మడత కర్ర ఉండాలి. ఇంత సరంజామా అయ్యాక చివర్లో గుట్ట వస్తుంది, గంటన్నరలో అయిపోతుంది. ఇదీ పద్ధతి. దీన్ని పక్కనపెట్టి, జేబులో కాసిన్ని నోట్లతో, చేతిలో నీళ్ల సీసాతో ఉప్పల్‌లో వరంగల్ వైపు పోయే బస్సెక్కి, భువనగిరిలో దిగి, అదే గుట్టను అదే మెట్ల మీదుగా ఎక్కి, మధ్యాహ్నం భోజనం వేళకు ఇల్లు చేరేవాడిని ఏమనాలి? గుట్ట ఎక్కాడని ఒప్పుకుందాం. ట్రెక్కింగు చేశాడని మాత్రం ఒప్పుకోలేం.

ఈ విషయంలో భువనగిరి కోటదే పెద్ద నేరం. నగరానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, దాదాపు 500 అడుగుల ఎత్తున, కోడిగుడ్డును నిలబెట్టినట్టు ఉన్న ఆ ఏకశిల నిజానికి ఏ కీకారణ్యం నడుమనో ఉండవలసింది. అలా ఉండక, వరంగల్ పోయే ప్రతి బస్సు కిటికీకీ కనిపించేలా ఊరిని ఆనుకుని కూర్చుంది. దారి అడగవలసిన పని లేదు, తల ఎత్తితే చాలు. దారి తప్పే అవకాశమే లేని చోట సాహసం ఎక్కడి నుంచి వస్తుంది? మొదటిసారి వెళ్లినప్పుడు నేను పద్ధతి ప్రకారం ఫోనులో పటం తెరిచి దిక్కులు సరిచూసుకుంటుంటే, బస్టాండు బయట జామపండ్లు అమ్మే ఆమె కాసేపు జాలిగా చూసి, మాట ఖర్చు పెట్టకుండా చెయ్యి పైకెత్తి చూపించింది.

న్యాయంగా మాట్లాడితే, ఈ మొత్తం ప్రయాణంలో కఠినమైన ఘట్టం బస్సుది, కోటది కాదు. ఆదివారం ఉదయం ఉప్పల్‌లో బస్సు ఎక్కడ ఆగుతుందో ముందుగా తెలిసిన మానవుడు లేడు; అది వేగం తగ్గించే తీరును బట్టి జనమంతా ఇరవై గజాలు ముందుకో వెనక్కో పరుగెత్తాలి. ఆగీఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపడం గురి, వేగం, తెగువ మూడూ కలిసిన విద్య. నేను వేసిన కర్చీఫ్ మీద ఒక పెద్దాయన కూర్చుని, బీబీనగర్‌లో దిగేదాకా ప్రశాంతంగా నిద్రపోయాడు. ఫుట్‌బోర్డు మొదటి మెట్టుకు నేల నుంచి ఉన్నంత ఎత్తు కోట మెట్లలో ఒక్కదానికీ లేదు. ఒంటికాలి మీద నిలబడి, ఒక చేత్తో పైకడ్డీని, ఇంకో చేత్తో చిల్లరను పట్టుకుని, కండక్టరు "లోపలికి జరగండి" అన్నప్పుడల్లా లేని చోటులోకి జరగడం ఏ పర్వతారోహణ శిక్షణలోనూ నేర్పరు. ట్రెక్కులను సులభం, మధ్యస్థం, కఠినం అని విభజించే నిర్వాహకులు ఈ భాగాన్ని ఏ తరగతిలో చేర్చారా అని వెతికాను, కనిపించలేదు. టెంపోలో గుర్రుపెట్టి నిద్రపోయి వచ్చినవాళ్లే కళ్లు నులుముకుంటూ దిగి "మధ్యస్థం" అని రాసుకుంటున్నారు.

అసలు చిక్కు తోటి ప్రయాణికులతో. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైన నాటి నుంచి తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్టు. చార్జీలు లెక్కవేసుకుని ఇంటి పట్టున ఉండిపోయినవాళ్లు కూడా దాంతో గుట్టల దారి పట్టారు. బీబీనగర్‌లో నా కర్చీఫ్ నాకు దక్కాక, యాదగిరిగుట్టకు పోతున్న ఒక అవ్వ పక్క సీట్లోకి జరిగి, నా కర్రను, సంచిని, సంచికి వేలాడుతున్న కొక్కేలను ఒక్కొక్కటిగా పరిశీలించింది.

"యాడికి వోతున్నవ్ బిడ్డా, గింత సామాను ఏస్కోని?"

"భువనగిరి కోట ఎక్కడానికి అవ్వా."

"గా గుట్ట ఎక్కనీకా?" అని ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత నన్ను నొప్పించడం ఇష్టం లేక కాబోలు, "మా చిన్నప్పుడు గుట్టల మీదికి మేకలను తోల్కపోయేటోళ్లం. మంచిగనే ఎక్కుతవ్ తియ్యి, నీళ్లు తాగుకుంట ఎక్కు" అంది.

ఇలాంటి ప్రోత్సాహం విన్న తరువాత ఏ మనిషైనా శిఖరం మీద రెండు చేతులూ చాచి ఫోటో దిగగలడా? కారులో వచ్చినవాడికి ఈ ప్రమాదం లేదు. అందుకే అతడి ఫోటోలు అంత బాగుంటాయి.

చరిత్ర కూడా మన పక్షాన లేదని ఒప్పుకోక తప్పదు. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీదే ఇది త్రిభువనగిరి అయి, తరువాత భువనగిరి అయిందంటారు. ఆయన నడిచి ఎక్కాడో, మోయించుకున్నాడో మనకు అనవసరం. 1708లో సర్వాయి పాపన్న భువనగిరి మీద దాడికి వచ్చినప్పుడు గుర్రాలకు పార్కింగు ఉందా అని ముందుగా విచారించిన దాఖలా లేదు. మాలావత్ పూర్ణ సంగతి మరీ ఇబ్బందికరం. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం నుంచి వచ్చి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ, ఇదే భువనగిరి బండ మీద శిక్షణ పొందిన ఆ అమ్మాయి 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో, ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. దీన్ని పట్టుకుని, ఎవరెస్టుకు పోయే దారిలో భువనగిరి బస్టాండు కూడా ఒక మజిలీ అని ఎవరైనా వాదించవచ్చు. అటువంటి వాదాన్ని మొగ్గలోనే తుంచాలి. ఎవరెస్టు దగ్గర ఆర్టీసీ డిపో లేదు గనుక అది పర్వతారోహణ. భువనగిరిలో బస్టాండు ఉంది గనుక ఇది కాదు.

మౌలాలి గుట్టకైతే సిటీ బస్సే పోతుంది. కుతుబ్‌షాహీల కాలం నుంచీ పైనున్న దర్గాకు జనం మెట్లెక్కుతూనే ఉన్నారు. పసిపిల్లలను చంకనేసుకుని చకచకా పోయేవాళ్ల మధ్య మన మడత కర్ర ఎవరికైనా తగిలితే క్షమాపణ మనమే చెప్పాలి. మూసీ నది పుట్టిన అనంతగిరి కాస్త నయం. అక్కడ వికారాబాదు దాకా బస్సో రైలో దొరికినా, ఆ మిగిలిన కొద్ది దూరానికి ఇంకో బండి కోసం పడే నిరీక్షణ యాత్రకు కొంత గాంభీర్యం తెస్తుంది. నగరానికి పడమటి వైపు మాత్రం సమస్యను మొదలంటా పరిష్కరిస్తున్నారు: బండలను పేల్చి, ఆ చోట బహుళ అంతస్తులు కట్టి, వాటికి కొండల పేర్లు పెట్టేస్తే, బస్సులో వచ్చినవాడికి ఎక్కడానికి లిఫ్టు తప్ప ఏదీ మిగలదు.

కాబట్టి ప్రభుత్వం కొత్తగా చేయవలసింది చాలా తక్కువ. బస్సు దిగినవాడికి బాట మొదలు చూపించే బోర్డు పెట్టరాదు; ఇప్పటికే చాలాచోట్ల పెట్టలేదు, అందుకు కృతజ్ఞతలు. సూర్యోదయం కారున్నవారికే కేటాయించాలి. పొద్దున్నే బస్సు పట్టుకుని గుట్ట కిందికి చేరేసరికి బండ వేడెక్కుతుంది గనుక ఇదీ అమలులో ఉన్నట్టే. గుట్ట పాదాన జానెడు జాగా ఉన్నా పార్కింగుకే ఇవ్వాలి తప్ప, బస్సు కోసం నిలబడేవాడికి నీడ వేయరాదు. ఆఖరి బస్సు ఎన్ని గంటలకని అడిగితే ఇద్దరు ఉద్యోగులు ఒకే సమాధానం చెప్పే దుస్థితి రానివ్వరాదు. రోప్‌వే వేస్తామని చాలాకాలంగా చెబుతున్నారు. వేస్తే ఎక్కవలసిన పనే తప్పుతుంది గనుక దాన్ని నేను మనసారా సమర్థిస్తాను. 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో నిజాం రాజ్యంలో రోడ్డు రవాణా మొదలుపెట్టినవారు అప్పుడే ముందుచూపుతో గుట్టలున్న ఊళ్లను వదిలేసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. కాకపోతే ఈ ప్రాంతంలో గుట్ట లేని ఊరు వాళ్లకు ఎన్ని దొరికేవన్నది వేరే విషయం.

నా వాదానికి ఆధారం కూడా ఉండాలని మొన్నొక ఆదివారం మిత్రుడి కారులో భువనగిరికి బయల్దేరాను. 2018లో పనులు మొదలైన ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ స్తంభాల కింద కారు ఆగింది. పక్కనే వరంగల్ బస్సు కూడా ఆగింది. మేము ఏసీ వేసుకుని ఆగాం, వాళ్లు కిటికీలు తెరుచుకుని ఆగారు. దూరం మాత్రం ఇద్దరికీ సమానంగా తరగలేదు. భువనగిరి చేరేసరికి కోట కింద మాలాంటి సాహసికుల కార్లు నిండిపోయి ఉన్నాయి. సందులన్నీ తిరిగి, చివరికి ఊరవతల ఒక ఖాళీ స్థలంలో బండి నిలిపి, బూట్లు బిగించి, కర్ర తెరిచి, ఎండలో వెనక్కి నడుచుకుంటూ వస్తే దారి సరిగ్గా బస్టాండు ముందు నుంచే పోయింది. జామపండ్ల ఆమె నన్ను గుర్తుపట్టింది.

"గీసారి బస్సు దొర్కలేదా సారూ?" అని అడిగింది.