క్వారీ చిన్నదే, రోడ్డు మీద బరువు చిన్నది కాదు

మూడు నాలుగు హెక్టార్ల రాతి క్వారీకి అనుమతి కోరుతూ సమర్పించే నివేదికల్లో రవాణా గురించిన భాగం సాధారణంగా ఒకటి రెండు పేజీల్లో ముగుస్తుంది. రోజుకు ఇన్ని లారీలు తిరుగుతాయి, రోడ్డు సామర్థ్యం ఇంత, పెరిగే రద్దీ ఇంత శాతం, కాబట్టి ప్రభావం నామమాత్రం. ఇదీ వరస. పేలుళ్ల మీద, దుమ్ము మీద, బావుల్లో నీటి మట్టం మీద ఎంతో కొంత చర్చ జరుగుతుంది. రోడ్డు దగ్గరికి వచ్చేసరికి ఒక్క భాగహారంతో సరిపెడతారు. ఆ భాగహారంలో అంకెలన్నీ సరిగానే ఉండవచ్చు. కానీ రోడ్డు వాహనాలతో నిండిపోతుందా అన్నదానికే అది జవాబు చెబుతుంది. క్వారీ దారిలో ఉన్న ఊళ్లకు తెలియవలసింది ఆ రోడ్డు ఎన్నాళ్లు నిలుస్తుంది, దాని పక్కన మనిషి భద్రంగా నడవగలడా అన్నది.

ఒక ఊహా క్వారీని తీసుకుని లెక్క వేద్దాం. ఏడాదికి 60 వేల టన్నుల రాయి, 300 పని దినాలు, అంటే రోజుకు 200 టన్నులు. మూడు ఇరుసుల టిప్పర్ మొత్తం బరువు, 2018లో కేంద్రం పెంచిన పరిమితుల ప్రకారం, 28.5 టన్నులు మించకూడదు. బండి సొంత బరువు పదకొండు టన్నుల పైచిలుకు పోగా మిగిలేది సుమారు 17 టన్నుల రాయి. రోజుకు 12 లోడ్లు, ఖాళీగా తిరిగి రావడం కూడా కలిపితే 24 ట్రిప్పులు. గ్రామీణ ప్రాంత రోడ్ల సామర్థ్యం మీద, రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇంజనీర్ల సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఇచ్చిన మార్గదర్శకాలు ఒక లారీని మూడు కార్లతో సమానంగా లెక్కిస్తాయి. ఆ ప్రకారం 24 ట్రిప్పులు 72 కారు యూనిట్లు. మైదాన ప్రాంతంలో ఒంటి వరుస రోడ్డు రోజుకు 2,000 యూనిట్లు మోయగలదని అదే పత్రం చెబుతుంది. 72 అందులో 3.6 శాతం. నివేదిక ఇక్కడ ఆగిపోతుంది.

ఆ రోడ్డు మీద ఇప్పుడు తిరుగుతున్నది 300 యూనిట్లే అయితే, అదే 72 యూనిట్లు 24 శాతం పెరుగుదల అవుతుంది. సామర్థ్యంతో పోల్చాలా, ఉన్న రద్దీతో పోల్చాలా అన్నది నివేదిక రాసేవారు ఎంచుకున్నదాన్ని బట్టే ఉంటోంది. రెండూ చెప్పాలి. ఈ శాతాల కంటే కూడా వాహనాల రకం ముఖ్యం. ఉన్న 300 యూనిట్లలో ఎక్కువ భాగం ద్విచక్ర వాహనాలు, ఆటోలు, సైకిళ్లు, ట్రాక్టర్లు కావచ్చు. రోజుకు రెండు మూడు బస్సులు తప్ప భారీ వాహనం ఎరుగని రోడ్డు మీదికి 24 సార్లు టిప్పర్ వస్తే ఆ మార్పును యూనిట్ల లెక్క పట్టుకోలేదు. మూడు కార్లు కలిసి ఒక కల్వర్టును కుంగదీయవు. అందుకే బరువు లెక్క విడిగా వేయాలి.

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒటావా అనే పట్టణం దగ్గర 1958 నుంచి 1960 వరకు ప్రయోగాత్మక రోడ్లు వేసి, వాటి మీద లారీలను ఎడతెగకుండా నడిపి చూశారు. ఆ పరీక్షల ఫలితాల నుంచి వచ్చిన సూత్రాన్నే రోడ్డు ఇంజనీర్లు నేటికీ వాడుతున్నారు. ఇరుసు మీద పడే భారం రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు, దాదాపు 16 రెట్లు అవుతుంది. భారం పెరిగిన నిష్పత్తికి నాలుగో ఘాతంలో నష్టం పెరుగుతుంది. అర టన్ను మోసే కారు ఇరుసుకూ, ఎనిమిది టన్నులు మోసే లారీ ఇరుసుకూ భారంలో తేడా 16 రెట్లే. నష్టంలో తేడా 65 వేల రెట్లు దాటుతుంది. లారీ అంటే మూడు కార్లు అనే కొలత రద్దీకి పనికొస్తుంది గానీ, రోడ్డు ఆయుష్షును కొలవడానికి దాన్ని వాడకూడదు.

మన దేశంలోనూ రోడ్డు మందాన్ని ఈ పద్ధతిలోనే నిర్ణయిస్తారు. 80 కిలోన్యూటన్ల ఇరుసు, అంటే సుమారు 8.16 టన్నులు, ప్రామాణిక ఇరుసు. చట్టబద్ధంగా నిండిన మూడు ఇరుసుల టిప్పర్‌లో ముందు ఇరుసు మీద 7.5 టన్నులు, వెనుక జంట ఇరుసుల మీద 21 టన్నులు పడతాయనుకుంటే, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూత్రాల ప్రకారం ఆ ఒక్క ప్రయాణం దాదాపు 5.4 ప్రామాణిక ఇరుసులతో సమానం. రోజుకు 12 లోడ్లు, ఏడాదికి 300 రోజులు. ఖాళీ బండ్ల స్వల్ప భారం కూడా కలిపితే ఏడాదికి దాదాపు 20 వేల ప్రామాణిక ఇరుసులు. గ్రామీణ రోడ్ల రూపకల్పనకు వాడే మార్గదర్శకాల్లో రోడ్లను పదేళ్ల కాలంలో అవి మోయవలసిన ఇరుసుల సంఖ్యను బట్టి తరగతులుగా విభజించారు. 10 వేల నుంచి 30 వేల వరకు ఒకటి, 30 వేల నుంచి 60 వేల వరకు ఇంకొకటి, అలా పైకి. ఈ రెండో తరగతిలో కట్టిన రోడ్డు పదేళ్లలో మోయవలసిన మొత్తాన్ని మన ఊహా క్వారీ ఒక్కటే మూడేళ్లలో మోయిస్తుంది. అప్పటికే ఉన్న బస్సులు, పంట దిగుబడులు తీసుకెళ్లే లారీలు అదనం.

రద్దీ పరంగా 3.6 శాతం అని తేలిన క్వారీయే రోడ్డు ఆయుష్షును మూడో వంతుకు కుదిస్తుంది. ఈ రెండో అంకె కనిపించని నివేదికను అసంపూర్ణమనే అనాలి. దీనికి పెద్ద అధ్యయనం అక్కర్లేదు. ఆ రోడ్డును ఏ తరగతిలో కట్టారో పంచాయతీరాజ్ ఇంజనీరు కార్యాలయంలో దస్త్రం ఉంటుంది. లోడ్ల సంఖ్య దరఖాస్తుదారు చెప్పినదే. ఒక పూట పని.

ఇదంతా ప్రతి టిప్పర్ పరిమితికి లోబడే వెళుతుందనుకుంటేనే. మొత్తం బరువు 25 శాతం పెరిగి 35.6 టన్నులైతే, నాలుగో ఘాతం సూత్రం ప్రకారం నష్టం 2.4 రెట్లు అవుతుంది. రాయి మాత్రం 17 టన్నుల నుంచి 24 టన్నులకు పెరుగుతుంది, అంటే 1.4 రెట్లు. ఒక్కో టన్ను రాయికి రోడ్డు చెల్లించే మూల్యం 70 శాతానికి పైగా పెరిగిందన్నమాట. మరి ట్రిప్పులు? అవి తగ్గుతాయి! 12 లోడ్ల పని ఎనిమిది తొమ్మిది లోడ్లతో అయిపోతుంది. ట్రిప్పుల సంఖ్యను బట్టి మాత్రమే ప్రభావాన్ని కొలిచే పద్ధతిలో, ఎక్కువ బరువు వేసుకుని రోడ్డును వేగంగా పాడు చేసే క్వారీ తక్కువ ప్రభావం కలదిగా కనబడుతుంది. ఒక కొలమానం ఇంతగా తలకిందులైన ఫలితం ఇస్తున్నప్పుడు దాన్ని ఒంటరిగా నమ్మడం ప్రమాదకరం. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ అధిక బరువుతో బండి నడిపిన వారినే కాక, నడిపించిన వారినీ, నడపనిచ్చిన వారినీ బాధ్యులుగా చూస్తుంది. కానీ క్వారీ గేటు దగ్గర కాటా లేకపోతే ఆ బాధ్యత ఎప్పుడూ డ్రైవరు దగ్గరే ఆగిపోతుంది.

లోడ్ల సంఖ్యను కూడా ఒకసారి తరచి చూడాలి. క్వారీ ఉత్పత్తిని చాలాసార్లు ఘనపు మీటర్లలో చూపుతారు. గ్రానైట్ వంటి గట్టి రాయి కొండలో ఉన్నప్పుడు ఘనపు మీటరుకు 2.6 టన్నులకు పైనే ఉంటుంది. పగలగొట్టి పోగు వేస్తే మధ్యలో ఖాళీలు చేరి అదే ఘనపు మీటరు సుమారు 1.6 టన్నులు తూగుతుంది. కొండలో 23 వేల ఘనపు మీటర్లు తీస్తామని చెప్పి, దాన్ని విడి రాయి సాంద్రతతో గుణిస్తే 60 వేల టన్నులు 37 వేలుగా మారతాయి. రోజుకు 12 లోడ్లు ఏడుకు దిగుతాయి. ఇది కావాలని చేసినా పొరపాటున చేసినా ఫలితం ఒకటే. ఏ పరిమాణాన్ని ఏ సాంద్రతతో గుణించారో నివేదికలో ఒక్క వాక్యం రాయించుకుంటే చాలు.

రోజువారీ సగటు కూడా ఇలాగే అసలు సంగతిని దాస్తుంది. క్వారీ ఏడాది పొడవునా ఒకేలా నడవదు. వానల్లో గుంటలో నీరు నిలిచి పని ఆగుతుంది, పేలుడు జరిపిన మరునాడు రాయి పోగుపడుతుంది, దగ్గరలో ఏదైనా పెద్ద నిర్మాణం మొదలైతే గిరాకీ ఒక్కసారిగా పెరుగుతుంది. నిజమైన పని దినాలు 200 అయితే రోజుకు 18 లోడ్లు, 36 ట్రిప్పులు. అవి ఆరు గంటల్లో నడిస్తే పది నిమిషాలకొక టిప్పర్. అంచనా ఎప్పుడూ అత్యంత రద్దీ రోజుకు, ఆ రోజులోని అత్యంత రద్దీ గంటకు వేయాలి. ఉన్న వాహనాలను లెక్కించేటప్పుడు కూడా ఒక మంగళవారం మధ్యాహ్నం చాలదు. వరుసగా ఏడు రోజులు, 24 గంటలూ లెక్కించడం రహదారుల శాఖల్లో స్థిరపడిన పద్ధతే. కాలినడకన పోయేవారిని, సైకిళ్లను, పశువులను విడిగా రాసుకోవడం మాత్రం చాలాచోట్ల సరిగా జరగడం లేదు. యూనిట్లుగా మార్చే పట్టికలో బడికి నడిచే పిల్లకు చోటే లేదు.

ఆ పిల్ల నడిచే రోడ్డు వెడల్పు ఎంతో చూడండి. గ్రామీణ రోడ్లలో తారు వేసిన భాగం సాధారణంగా 3.75 మీటర్లు, రద్దీ మరీ తక్కువైన చోట 3 మీటర్లే. టిప్పర్ వెడల్పు దాదాపు 2.5 మీటర్లు. ఎదురుగా ఏది వచ్చినా ఇద్దరిలో ఒకరు మట్టి అంచు మీదికి దిగాలి. దిగేది ఎప్పుడూ చిన్న బండే. పదే పదే చక్రాలు దిగిన చోట అంచు కోసుకుపోతుంది, తారుకూ మట్టికీ మధ్య జానెడు లోతు తేడా వస్తుంది, ద్విచక్ర వాహనం జారిపడేది అక్కడే. కనుక రోడ్డు పొడవునా టిప్పర్లు ఆగి దారి ఇచ్చేందుకు విశాలమైన చోట్లు ఎక్కడున్నాయో, ఎక్కడ లేవో పటంలో గుర్తించకుండా రవాణా అంచనా పూర్తయినట్టు కాదు.

క్వారీ దారి పెద్ద రోడ్డులో కలిసే మలుపుది మరో లెక్క. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఆగడానికి సుమారు 120 మీటర్ల దూరం కావాలని రోడ్డు రూపకల్పన ప్రమాణాలు చెబుతాయి. నిండు లోడుతో నిలబడి ఉన్న టిప్పర్ కదిలి, అడ్డంగా తిరిగి, వేగం అందుకోవడానికి పది సెకన్లు పడుతుందనుకుంటే, ఆ లోపు ఎదుటి వాహనం 220 మీటర్లు వచ్చేస్తుంది. మలుపు దగ్గర 120 మీటర్లు కనబడుతున్నాయి కాబట్టి చాలుననుకోవడం తిరిగే బండి బరువును మరచిపోవడమే. పైగా టైర్లకు అంటిన మట్టి, రాతిపొడి ఆ మలుపులోనే రాలతాయి. మొదటి వానకు అక్కడ రోడ్డు జారుడుబండలా మారుతుంది.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది వేరే ఉంది. ఒక్కో క్వారీని విడివిడిగా చూసే అలవాటు. 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక 5 హెక్టార్ల లోపు లీజులకూ పర్యావరణ అనుమతి తప్పనిసరి అయింది. చిన్న చిన్న ముక్కలుగా లీజులు ఇస్తే వాటి ఉమ్మడి ప్రభావం ఎవరి కంటా పడదన్న ఆందోళన ఆ తీర్పు వెనుక ఉంది. 2016 జనవరిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ క్వారీల సమూహం అనే భావన తెచ్చింది. ఒక లీజు సరిహద్దుకూ మరో లీజు సరిహద్దుకూ మధ్య 500 మీటర్ల కంటే తక్కువ దూరం ఉంటే వాటిని కలిపి చూడాలి. దుమ్ముకూ పేలుళ్ల అదురుకూ ఈ కొలత కొంతవరకు సరిపోవచ్చు. రోడ్డుకు ఇది సరిపోదు. రెండు కిలోమీటర్ల దూరంలో, వేర్వేరు గుట్టల మీద ఉన్న నాలుగు క్వారీలు ఒకే ఊరి మధ్య నుంచి ఒకే రోడ్డు మీద వెళుతుంటే, నియమం ప్రకారం అవి సమూహం కాదు. నాలుగు నివేదికల్లోనూ ప్రభావం 3.6 శాతమే అని ఉంటుంది. ఊరి మధ్య రోడ్డు మీద మాత్రం రోజుకు 96 ట్రిప్పులు, ఏడాదికి 80 వేల ప్రామాణిక ఇరుసులు. రవాణా విషయంలో సమూహాన్ని లీజుల మధ్య దూరంతో కాకుండా, అవి పంచుకునే రోడ్డుతో నిర్వచించాలి. చిన్న లీజుల్లో బీ2 వర్గంలోకి, అంటే పూర్తి స్థాయి పర్యావరణ ప్రభావ అధ్యయనం అక్కర్లేని వర్గంలోకి, వచ్చేవాటికి ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదు కనుక, ఆ రోడ్డు పక్కన ఉండేవారు ఈ మాట చెప్పుకోవడానికి వేదిక కూడా ఉండదు.

క్వారీలే వద్దని నేను అనడం లేదు. ఇళ్లకు, వంతెనలకు, రోడ్లకు రాయి కావాలి. రాయి బరువు ఎక్కువ, ధర తక్కువ. దాన్ని ఎంత దూరం తెస్తే రోడ్ల మీద అంత భారం. పది కిలోమీటర్ల దూరంలో దొరికే రాయిని ఆపేసి యాభై కిలోమీటర్ల నుంచి తెప్పిస్తే ఆ భారం దారిలోని అన్ని ఊళ్ల మీదా పడుతుంది. మంచి అంచనా ఈ సంగతి కూడా చూడాలి. రాయి ఎవరికి, ఎక్కడికి వెళుతుంది, క్రషర్ ఎక్కడుంది, ఇప్పుడు ఆ అవసరం ఎక్కడి నుంచి తీరుతోంది అన్నవి తెలియకుండా క్వారీ మంచిదో చెడ్డదో తేల్చలేం. క్వారీ గేటు నుంచి మొదటి పెద్ద రోడ్డు వరకు ఉన్న నాలుగైదు కిలోమీటర్లే సాధారణంగా అత్యంత బలహీనమైన భాగం కనుక, సర్వే శ్రద్ధ అంతా ముందు అక్కడ పెట్టాలి. ప్రతి కల్వర్టునూ చూడాలి.

అనుమతి పత్రంలో రవాణా షరతు ఇప్పుడు ఎక్కువగా "లారీలకు టార్పాలిన్ కప్పాలి, రోడ్డు మీద నీళ్లు చల్లాలి" అన్న దగ్గర ఆగుతోంది. అవి అవసరమే. వాటితోపాటు రోజుకు గరిష్ఠ లోడ్ల సంఖ్య, బడి వేళల్లో రవాణా నిలిపివేత, గేటు దగ్గర కాటా, ఏ దారిన వెళ్లాలో స్పష్టమైన నిర్దేశం కూడా రాయాలి. రోడ్డు బలహీనమని తేలితే ఉత్పత్తి మొదలుకాకముందే దాన్ని బలపరచాలి. ఖర్చును ఆ దారి వాడుకునే లీజుదారులందరూ తమ టన్నుల నిష్పత్తిలో పంచుకోవాలి. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధిని ఈ పనికి వాడవచ్చు గానీ, ఆ నిధి ఉందన్న కారణంతో లీజుదారు బాధ్యత తగ్గించకూడదు. రాయి రవాణాకు పర్మిట్లు జారీ చేసే గనుల శాఖ దగ్గర ప్రతి లోడు లెక్కా ఉంటుంది. ఏ క్వారీ నుంచి, ఏ తేదీన, ఎన్ని టన్నులు వెళ్లాయో నెల నెలా గ్రామ పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టాలి. నివేదికలో రాసిన 12 లోడ్లకూ వాస్తవంగా వెళ్లిన లోడ్లకూ తేడా ఎంతో ఊరివారే చూసుకుంటారు. తేడా వచ్చిన నెలలో కొత్త పర్మిట్లు ఆపే అధికారం గనుల శాఖ అధికారికి అనుమతి పత్రంలోనే రాసి ఇవ్వాలి.