రివాల్వర్‌తో పాముల్ని కొట్టే వీడియోలు చూసి మన మధురవాడలో నడుస్తున్న మాటల గురించి

కొన్నాళ్లుగా విశాఖ మధురవాడలోని మా కాలనీలో ఫోన్ నుంచి ఫోన్‌కి ఒక వీడియో తిరుగుతోంది, ఎండాడ, పీఎం పాలెం వాళ్లకి కూడా వచ్చే ఉంటుంది. అమెరికాలో ఒకాయన తోటలో నడుస్తూ నడుస్తూ ఆగి, నడుం దగ్గర్నుంచి రివాల్వర్ తీసి, చుట్ట చుట్టుకుని కూర్చున్న ర్యాటిల్ స్నేక్‌ని ఒక్క దెబ్బకి చంపేస్తాడు. తర్వాత వర్క్‌షాప్‌లో కూర్చుని ఆ తూటాలు తనే ఎలా నింపుకుంటాడో చూపిస్తాడు. సరే, చూశాం, అయిపోయింది అనుకుంటే కాదు, మనవాళ్లు దాన్ని సీరియస్‌గా తీసుకున్నారు. "కంబాలకొండ అడవిని ఆనుకుని ఉన్నాం, రోజూ ఏదో ఒక పాము, మనకీ ఇలాంటిదే ఒకటి ఉండాలండీ" అని ఒకరు, "లైసెన్సు ఉన్నాయన దగ్గర ఖాళీ షెల్స్ ఉంటాయి కదా, చర్రలు (సన్నటి సీసం గుండ్లు) పోసి మనమే చేయించుకోవచ్చు" అని ఇంకొకరు. చదువుకున్నవాళ్లు, పిల్లలున్నవాళ్లు అంటున్న మాటలివి. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నాకు తుపాకులంటే అసహ్యం ఏమీ లేదు. వాటి పనితనం గురించి చదవడం చాలా ఏళ్లుగా ఉన్న ఇష్టం. మా మావయ్య నేవీలో చేసి రిటైరయ్యారు, ఆయన దగ్గర లైసెన్సున్న .32 రివాల్వర్ ఉంది, దాన్ని ఎంత భద్రంగా, ఎంత భయభక్తులతో ఉంచుతారో చూస్తూ పెరిగాను. ఇంకోపక్క మా ఏరియాలో పాములు పట్టే కుర్రాళ్లతో నాకు పరిచయం ఉంది, వాళ్లు వచ్చినప్పుడు జనాన్ని దూరంగా నిలబెట్టే పని నాదే. రెండు వైపులా తెలుసు కాబట్టే చెప్తున్నా, ఆ వీడియోలో ఉన్నది మన ఊరికి పనికొచ్చేది కాదు.

ముందు అసలు ఆ తూటా ఏంటో చూద్దాం. మామూలు రివాల్వర్ తూటాకి ముందర ఒకే బుల్లెట్ ఉంటుంది. ఇందులో దాని బదులు చిన్న ప్లాస్టిక్ క్యాప్సూల్, దాన్నిండా సీసం చర్రలు. 9 నంబర్ చర్ర అంటే సుమారు 2 మిల్లీమీటర్లు, 12 నంబర్ అయితే ఇంకా సన్నం, మిల్లీమీటరుంపావు. .38 సైజు తూటాలో 9 నంబర్ చర్రలు నూరుకి పైనే పడతాయి. అక్కడ సీసీఐ అనే కంపెనీ వీటిని తయారు చేసి అమ్ముతుంది, కానీ ఖరీదెక్కువ, అందుకని కాల్చేసిన ఇత్తడి షెల్‌కి కొత్త ప్రైమర్ (తూటాలో మందుని అంటించే చిన్న బిళ్ల) పెట్టి, ప్రెస్ మీద ఇంట్లోనే నింపుకునే అలవాటు వాళ్లకి ఎప్పట్నుంచో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో .45 పిస్టల్‌కి ఇలాంటి చర్రల తూటాలే చేసి పైలట్లకి ఇచ్చారు, విమానం కూలి అడవిలో పడితే పిట్టో చిన్న జంతువో కొట్టుకుని తిని బతకడానికి. అంటే మనుషులే లేనిచోట ఒంటరిగా చిక్కుకుపోయినోడి కోసం పుట్టిన వస్తువన్నమాట. టెక్సాస్‌లోనో అరిజోనాలోనో వందల ఎకరాల పొలం ఉండి, చుట్టూ మైళ్ల దూరం ఇంకో ఇల్లు లేనివాడు అది పెట్టుకుంటే నేను తప్పు పట్టను. వాళ్ల నేల వేరు, వాళ్ల చట్టం వేరు. మన దగ్గర గోడకీ గోడకీ మధ్య సందు నాలుగడుగులు.

ఇంకో సంగతి, ఇది వీడియోలో ఎవడూ చెప్పడు. రివాల్వర్ బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి, బుల్లెట్ గిర్రున తిరుగుతూ తిన్నగా పోవడానికి పెట్టినవి. బుల్లెట్‌కి అవి మంచివే, చర్రలకి మాత్రం అవే శత్రువులు. ఆ తిప్పుడుకి చర్రలన్నీ బయటికి రాగానే పక్కలకి విసిరేసినట్టు చెదిరిపోతాయి. పేపర్ మీద కాల్చి చూస్తే గారెలా కనిపిస్తుంది, చుట్టూ చిల్లులు, మధ్యలో ఖాళీ. పదడుగులు దాటితే ఆ మధ్య ఖాళీలో పాము తల హాయిగా పట్టేస్తుంది. మరి పదడుగుల లోపలికి వెళ్లి గురిపెట్టాలంటే పాముకి మనమే దగ్గరవుతున్నాం కదా! ఆరేడడుగుల దూరంలో ఉన్న పాము దాని దారిన అది పోతుంది, మనం రెండడుగులు వెనక్కేస్తే చాలు, కథ అయిపోతుంది. ఆ రెండడుగులు వెనక్కి వెయ్యడానికి తుపాకీ ఎందుకండీ?

అంతా గురి తప్పకుండా తగిలిందనే అనుకుందాం. కింద ఉన్నది మట్టి కాదు, సిమెంట్ రోడ్డు, టైల్స్, గ్రానైట్ మెట్లు. గట్టి నేలకి తగిలిన చర్రలు ఎటు లేస్తాయో ఎవరికీ తెలీదు. ఒక్క చర్ర చాలు కన్ను పోవడానికి. పాము వచ్చిందంటే మనవాళ్లు ఎంతమంది చేరతారో తెలుసు కదా, చంకలో పిల్లల్ని ఎత్తుకుని మరీ వచ్చి నిలబడతారు. ఆ గుంపు మధ్యలో కాలుస్తారా?

చచ్చిన పాము కూడా ప్రమాదమే. 2018లో టెక్సాస్‌లోనే ఒకాయన పెరట్లో ర్యాటిల్ స్నేక్ తల నరికేసి, తర్వాత తీసి పారేద్దామని వంగితే ఆ తెగిన తలే చేతిని కరిచింది. విషం విరగడానికి 26 డోసుల మందు ఎక్కించాల్సి వచ్చింది. తల తెగినా నరాలు కొంతసేపు పని చేస్తూనే ఉంటాయి. కర్రతో కొట్టినా కత్తితో నరికినా చర్రలతో కాల్చినా, సగం చచ్చిన పాము పక్కన మనిషి ఉండటమే అసలు డేంజర్.

ఇక చట్టం. "మన ఇంట్లో మనం చేసుకుంటే ఎవరికి తెలుస్తుంది" అన్న పెద్దమనిషికి ప్రత్యేకంగా చెప్తున్నా. ఆయుధాల చట్టం 1959లో సెక్షన్ 5 అని ఉంది, లైసెన్సు లేకుండా తుపాకీయే కాదు, తూటా తయారు చేసినా నేరమే. మావయ్యకి రివాల్వర్ లైసెన్సు ఉందంటే అది ఆ రివాల్వర్ దగ్గర పెట్టుకోవడానికీ, లెక్క ప్రకారం తూటాలు కొనుక్కోవడానికీ ఇచ్చింది, ఇంట్లో ఫ్యాక్టరీ పెట్టుకోవడానికి ఇచ్చింది కాదు. 2019 సవరణ తర్వాత ఆ నేరానికి కనీస శిక్షే 7 ఏళ్లు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. జనం మధ్యలో నిర్లక్ష్యంగా కాలిస్తే దానికి ఇంకో 2 ఏళ్ల దాకా జైలో, లక్ష రూపాయల దాకా ఫైనో, రెండూనో. ఒక జెర్రిపోతు కోసం ఉద్యోగం, పాస్‌పోర్టు, పిల్లల భవిష్యత్తు అన్నీ పణంగా పెట్టే మాటా ఇది? పైగా పాము కూడా ఊరికే పోయేది కాదు. వన్యప్రాణి చట్టానికి 2022లో సవరణ వచ్చాక నాగుపాము, రక్తపింజర, గిరినాగు (కింగ్ కోబ్రా), కొండచిలువ మాత్రమే కాదు, మనం చీపురుకట్టతో వెంటపడే జెర్రిపోతు కూడా షెడ్యూల్ 1లోనే ఉంది, పులితో పాటు అదే వరసలో. చంపితే 3 నుంచి 7 ఏళ్లు. నిజంగా ప్రాణం మీదకి వచ్చినప్పుడు కాపాడుకోవడం కోసం చంపితే నేరం కాదని ఆ చట్టంలోనే రాసి ఉంది, కాదనను. కానీ గోడవార పాక్కుంటూ పోతున్న పాముని వెంటాడి చంపడం ప్రాణరక్షణ ఎలా అవుతుంది.

మన ఏరియాలోకి పాములు రావడం లేదు, పాములున్న చోటికి మనమే వచ్చాం. కంబాలకొండ అభయారణ్యం 70 చదరపు కిలోమీటర్లు, దాని ఒంటిని ఆనుకుని హనుమంతవాక నుంచి మధురవాడ దాకా కట్టుకుంటూ వచ్చేశాం, ఇటు సింహాచలం కొండ చుట్టూ అడవివరం వైపు కూడా అంతే. కొండ తవ్వితే అందులో ఉన్నవి ఎక్కడికి పోతాయి. దానికి తోడు ఖాళీ ప్లాట్లలో చెత్త, హోటళ్ల వెనక కాలవల్లో మిగిలిన తిండి, దాని మీద బలిసిన పందికొక్కులు, ఎలుకలు. పాముకి మనతో పని లేదు, పందికొక్కుతోనే పని. ఎలుకల్ని కూడా ఆ చర్రల తూటాలతోనే కొట్టొచ్చని ఇంకో వీడియో పంపారు. ఎలుక మూడు వారాల్లో పిల్లల్ని పెడుతుంది, ఈతకి ఎనిమిదీ పదీ, ఎన్నిటిని కాలుస్తారు? ఆ పని జీతం బత్తెం లేకుండా చేసేది జెర్రిపోతే. దాన్ని చంపేసి ఎలుకలు పెరిగాయని ఏడిస్తే ఆ ఎలుకల కోసం తర్వాత వచ్చేది నాగుపాము.

పట్టేవాళ్లు ఎలా పడతారో దగ్గర్నుంచి చూడండి ఒకసారి. మొన్న మా బ్లాక్‌లో చెప్పుల స్టాండు కింద నాగుపాము దూరింది. వచ్చిన కుర్రాడికి పాతికేళ్లు కూడా లేవు, చేతిలో ఒక ఇనప హుక్కు, ఒక పీవీసీ పైపు ముక్క, దాని చివర కట్టిన నల్ల గుడ్డసంచి. అంతే సరంజామా. ఒక్కో చెప్పూ హుక్కుతో తప్పించాడు, పడగ ఎత్తగానే ఆగిపోయాడు, కదల్లేదు, పాము కాసేపు చూసి పడగ దించింది. పైపు మూతి నెమ్మదిగా దాని ముందు పెట్టాడు. చీకటి కన్నం కనపడగానే అదే లోపలికి పాకి సంచిలోకి వెళ్లిపోయింది, దాన్ని చేత్తో తాకను కూడా తాకలేదు. మూతి మెలిపెట్టి కట్టి, డబ్బాలో పెట్టి, ఫారెస్ట్ వాళ్లకి ఫోన్ చేసి చెప్పి తీసుకెళ్లాడు. ఒక్క చుక్క రక్తం లేదు, ఒక్క చప్పుడు లేదు. నాకు ఆ పనితనం ముందు ఏ రివాల్వరూ గొప్పగా అనిపించలేదు. ఆ కుర్రాళ్లకి ఒక మంచి హుక్కు, బూట్లు, పెట్రోలు ఖర్చులు, ఇన్సూరెన్సు ఇచ్చే దిక్కు లేదు ఈ ఊళ్లో, తుపాకీ మాటలకి మాత్రం అందరూ ముందుంటారు.

అసలు మనుషులు ఎలా చచ్చిపోతున్నారో చూద్దాం రండి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకి పోయినవాళ్లు సుమారు 12 లక్షల మంది అని పరిశోధకులు లెక్కగట్టారు, అంటే ఏడాదికి సగటున 58 వేలు. మన ఆంధ్రా ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో ఒకటి. వీళ్లలో ఎక్కువమంది పల్లెటూళ్లవాళ్లు, పొలం పనిలో, రాత్రి చీకట్లో, నేల మీద పడుకుని కాటు తిన్నవాళ్లు. కట్లపాము సంగతే తీసుకోండి, అది కరిస్తే చాలాసార్లు నొప్పి కూడా సరిగ్గా ఉండదు, నిద్రలో దోమనో చీమనో అనుకుని అటు తిరిగి పడుకుంటారు, తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం. ఆ మనిషి తలగడ కింద రివాల్వర్ ఉన్నా ఏం లాభం? దోమతెర చుట్టూ దోపుకుని పడుకుంటే, మంచమేసుకుంటే చాలావరకు ఆ కాటే పడేది కాదు. రాత్రి బయటికెళ్లేటప్పుడు టార్చి, కాలికి బూట్లు, కట్టెల మోపులో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపడం, ఇంతే.

కాటు పడితే మాత్రం తాడు బిగించి కట్టొద్దు, బ్లేడుతో కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రగాడి దగ్గర గంటలు పోగొట్టొద్దు. కాటు పడిన చెయ్యో కాలో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చెయ్యండి, లేదా ఏ బండి దొరికితే ఆ బండిలో కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి పదండి. పాముని పట్టుకురానక్కర్లేదు, చంపి తేనక్కర్లేదు, మన దగ్గర దొరికే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ ఒకటే. రక్తపింజర లాంటి పాముల విషం ఎక్కిందో లేదో డాక్టర్లు తేల్చేది చూస్తే ఆశ్చర్యమేస్తుంది, శుభ్రమైన పొడి గాజు ట్యూబులో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా జారిందంటే విషం ఎక్కినట్టే, మందు మొదలుపెడతారు. పైసా ఖరీదు చెయ్యని టెస్టు అది, ఏ పీహెచ్‌సీలోనైనా చెయ్యొచ్చు, ట్యూబు మాత్రం ప్లాస్టిక్‌ది కాకూడదు.

మాడుగుల, చీడికాడ, పాడేరు వైపు గిరినాగులు కూడా ఉన్నాయి, తోటల్లో పన్నెండు పదమూడు అడుగులవి కనపడతాయి. ఈ నాలుగు పాముల మందు దానికి పని చెయ్యదు. అందుకే దాని జోలికి పోకుండా ఉండటం ఇంకా ముఖ్యం. అది తినేది ఎక్కువగా మిగతా పాముల్నే, మనుషుల్ని చూస్తే తప్పుకుపోయే జీవి, కొండ ఊళ్ల రైతులు ఈమధ్య కర్ర తీసే బదులు ఫోన్ తీసి పట్టేవాళ్లని పిలుస్తున్నారు. వాళ్లకి తెలిసింది మనకి తెలీదా?

నాకు కోపం వచ్చేది ఇక్కడే. కొండ ఊళ్లో రాత్రి పదకొండుకి పాము కరిస్తే దగ్గర్లోని ఆసుపత్రిలో మందు ఉందా, ఎక్కించే డాక్టరు ఉన్నాడా, ఊపిరి ఆగితే అందించే మిషను ఉందా అని అడిగేవాడు లేడు. దాని గురించి ఎవరూ వీడియోలు పంపరు. ఆ మందు ఎక్కడ్నుంచి వస్తుందో కూడా చాలామందికి తెలీదు, చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఇరుళ తెగవాళ్లు 1978లో పెట్టుకున్న సహకార సంఘం పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ వదిలేస్తుంది, ఆ విషాన్ని కొంచెం కొంచెంగా గుర్రాలకిచ్చి, వాటి రక్తంలోంచి ఈ మందు చేస్తారు. అంటే పాము బతికుంటేనే మన మందు.

ఈ ఆదివారం అసోసియేషన్ మీటింగ్ ఉంది. వెనక గోడ పక్క ప్లాటులో చెత్త ఎత్తించడం, డ్రైనేజీ జాలీలు మార్చడం, మెయిన్ గేటు నుంచి సి బ్లాక్ దాకా ఆగిపోయిన వీధిలైట్లు, పాములు పట్టేవాళ్ల నంబర్లూ ఫారెస్ట్ ఆఫీసు నంబరూ ప్రతి లిఫ్ట్ పక్కన అంటించడం, వాచ్‌మెన్ల కుటుంబాలకి మంచాలూ దోమతెరలూ, ఇవి నేను రాసి ఇస్తున్నాను. వాచ్‌మెన్ కుటుంబాలు సెల్లార్లో నేల మీదే పడుకుంటున్నాయి, ముందు దాని సంగతి తేల్చండి, డబ్బులు తక్కువైతే నా వాటా డబుల్ వేసుకోండి.