మూరెడు మట్టి వదలలేరా?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఒక్క రోజులో విశాఖ పచ్చదనాన్ని ఊడ్చేసింది. ఆ గాలికీ తట్టుకుని నిలబడిన వేపచెట్టు మా సీతమ్మధార వీధిలో ఉంది. దాన్ని ఇప్పుడు మనుషులే చంపుతున్నారు! మొదలు చుట్టూ అంగుళం మట్టి కనబడకుండా సిమెంటు పోసేశారు. వాన నీళ్లు ఎటు దిగాలి? వేళ్లకు గాలి ఎలా అందాలి? కరెంటు తీగలకు అడ్డమని ఒకవైపు కొమ్మలన్నీ నరికేశారు. బరువంతా రోడ్డువైపే. రేపు పెనుగాలికి పడితే తప్పు చెట్టుదా? చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతోంది. మరి ఇలా ఊపిరి బిగించి చంపడానికి అనుమతి ఎవరిచ్చారు? పక్కనే నాటిన మొక్కకు ఇనుప కంచె ఉంది, నీళ్లు పోసే మనిషి లేడు. ఎండుపుల్ల మిగిలింది. కొత్త మొక్కలు తర్వాత, ముందు ఆ సిమెంటు పగలగొట్టండి!