శిక్షణ ఒక్కటే చాలదు

అవినీతి నిరోధక సంస్థలకు విదేశీ నిధులతో శిక్షణ, సాఫ్ట్‌వేర్ అందితే సగం పని అయినట్టేనని ఒక వ్యాసంలో రాశారు. కాదండీ, అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. దోచిన సొమ్ము పరాయి దేశపు బ్యాంకులో ఉంటే, అక్కడి నుంచి ఆధారాలు తెప్పించుకోవడానికి పరస్పర న్యాయ సహాయం, అంటే ఒక దేశపు దర్యాప్తుకు మరో దేశం చట్టబద్ధంగా చేసే సాయం, కోరాలి. 2003లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒప్పందంలోని 46వ అధికరణం ఇందుకోసమే.

"ఫలానా మంత్రి ఖాతాలన్నీ చెప్పండి" అని రాస్తే అవతలివాళ్లు పక్కన పడేస్తారు. ఖాతా ఎవరి పేరున ఉంది, ఏ తేదీల లావాదేవీలు కావాలి, వాటికీ నేరానికీ సంబంధమేమిటి, ఆ నేరానికి వర్తించే చట్టం సెక్షన్ ఏమంటోంది, ఇవన్నీ వాళ్లకు సమ్మతమైన భాషలో ఉండాలి. అందుకే ముందు అనుమానాస్పద లావాదేవీలను పరిశీలించే ఆర్థిక నిఘా విభాగాల ద్వారా, వివిధ దేశాల్లోని ఆ విభాగాల కూటమి అయిన ఎగ్మాంట్ గ్రూప్ మార్గంలో వాకబు చేయాలి. ఆ సమాచారాన్ని మామూలుగా నేరుగా కోర్టులో సాక్ష్యంగా పెట్టలేం, కానీ ఏ బ్యాంకును అడగాలో తెలుస్తుంది. ఖాతా స్తంభన ఆలస్యమైతే డబ్బు పేరుకే ఉండే మరో షెల్ కంపెనీకి మారిపోతుంది.

కాబట్టి రెండు రోజుల వర్క్‌షాపులకు పెట్టే డబ్బుతో, ఇలాంటి అభ్యర్థనలు రాసి నెగ్గిన ప్రాసిక్యూటర్‌ను అవినీతి నిరోధక సంస్థ కార్యాలయంలోనే రెండేళ్లు కూర్చోబెట్టాలి.

కోర్టుల సంగతీ మరవకూడదు. ఉక్రెయిన్‌లో 2015లో అవినీతి కేసుల దర్యాప్తు బ్యూరో ఏర్పడింది, కానీ దాని కేసులు మామూలు కోర్టుల్లో నానాయి. 2019లో ప్రత్యేక అవినీతి కోర్టు పని మొదలుపెట్టింది. దాని జడ్జీల ఎంపికలో అనుమానాస్పద అభ్యర్థులపై అభ్యంతరం లేవనెత్తే అధికారం ఆరుగురు అంతర్జాతీయ నిపుణులకు ఇచ్చారు. నిధులిచ్చే విదేశీ దాతలు పట్టుబట్టాల్సింది ఇలాంటి షరతుల దగ్గరే.