పదకొండో అంతస్తులో ఉట్టి

మా బావమరిది కొండ మీద ఇల్లు కొన్నాడు. కొండంటే మరీ కొండ కాదు, బెంగళూరు దాటి, దేవనహళ్లి కూడా దాటాక ఓ అపార్టుమెంటులో 11వ అంతస్తు. బ్రోషర్లో దాన్ని 'పర్వత నివాసం' అన్నారు. బాల్కనీలో ఎడమ మూలకి ఒరిగి, పక్క టవరు నీళ్ల ట్యాంకు మీదుగా మెడ సాచితే, మంచు లేని పూట నందిదుర్గం కనిపిస్తుంది. కొండ ఎత్తు 1,478 మీటర్లు. అందులో మావాడి వాటాకి పైన ఓ నలభై మీటర్లు వచ్చాయి. నేను తప్పు పట్టలేదు. మా నెల్లూరు పెన్నమ్మ పుట్టింది ఆ కొండల్లోనే కదా, ఆడబిడ్డ పుట్టిల్లు కనిపించే చోట ఇల్లు కొనుక్కుంటే మంచిదే.

చిక్కల్లా 'మన మూలాలు' అనే మాటని ఇంటీరియర్ డిజైనరమ్మాయి చెవిన వేయడంతో వచ్చింది. "మోడ్రన్ ప్లస్ ఫోక్ చేద్దాం సార్" అంది. ఆ 'ప్లస్' ఎంతో బిల్లులో తేలింది.

ముందు ఉట్టి సంగతి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని సామెత. ఇక్కడ ఉట్టే ఎగిరింది, సర్వీసు లిఫ్టులో. జిప్సం సీలింగు బరువు ఆపదని, పైనున్న శ్లాబు దాకా డ్రిల్లు కొట్టి వేలాడదీశారు. మా అమ్మమ్మ రోజుల్లో ఉట్టి మీద పెరుగు కుండ, కింద పిల్లి ఉండేవి. ఇప్పుడు మనీప్లాంటు ఉంది. పిల్లి రావాలంటే గేటు దగ్గర యాప్‌లో అనుమతి తీసుకోవాలి.

గుమ్మంలో ముగ్గు స్టిక్కరు. మెలికల ముగ్గే, చుక్క పొల్లుపోలేదు. బియ్యప్పిండి ముగ్గు చీమలకి పెట్టే అన్నమని పెద్దలనేవారు. స్టిక్కరుతో ఆ పథకం రద్దయింది. అయినా చీమలు రాకుండా మూడు నెలలకోసారి మందు కొట్టించుకుంటున్నారు, ఎందుకైనా మంచిదని.

కొండపల్లి దశావతారాల దగ్గర నిజమైన సంక్షోభం వచ్చింది. తెల్లపొణికి కర్రతో చేసిన బొమ్మలు, పదీ ముచ్చటగా ఉన్నాయి. కానీ గోడలో గూళ్లు ఎనిమిదే. తొమ్మిదో గూడు పెడితే సిమెట్రీ చెడుతుందట. కల్కి ఎలాగూ ఇంకా రాలేదు కాబట్టి ఆయన్ని సొరుగులో వేశారు. ఇంకొకర్ని తీసెయ్యాలి. చర్చించి చర్చించి, ఎత్తు తక్కువ, లైటు సరిగా పడదు అని వామనుణ్ణి తప్పించారు. మూడడుగుల నేల అడిగినాయనకి అడుగు గూడు కూడా దక్కలేదు.

ఇక హాల్లో రావణుడు. ధర్మవరం పక్కన నిమ్మలకుంట నుంచి వచ్చిన తోలుబొమ్మ. మేకతోలుని వెలుతురు దూరేంత పల్చగా చేసి, సన్నని చిల్లులు కొట్టి, రెండు వైపులా రంగులు వేస్తారు. వెనక దీపం వెలిగితే ఎరుపు నెత్తురులా కదులుతుంది, కిరీటంలో చిల్లులు రత్నాల్లా మెరుస్తాయి. మన డిజైనరమ్మాయి ఆ బొమ్మని బొగ్గు రంగు ప్యానెలుకి ఆనించి, అద్దం బిగించి, ముందు నుంచి ఫోకస్ లైటు వేసింది. దీపం వెనక పెట్టడమన్నది మనవాళ్లు వందల ఏళ్లుగా చేస్తూ వచ్చిన పొరపాటని ఈ విధంగా తేలింది. పది తలలూ మొద్దు చర్మంలా గోడకి అతుక్కుని ఉన్నాయి. ఆ మాటకొస్తే ఆ ఊరివాళ్లు ల్యాంపు షేడ్లు కూడా చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆట చూసేవాళ్లు తగ్గాక షేడ్లు చేసి అమ్ముకుంటే నాకు నవ్వు రాదు. షేడ్‌లో కనీసం బల్బు తోలు వెనకే వెలుగుతుంది.

పడగ్గది గోడకి వార్లీ వాల్‌పేపరు. మహారాష్ట్ర ఆదివాసులు పెళ్లిళ్లకి ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మలవి. మనది కాదు కదా అన్నాను. రోల్స్‌లో దొరికేది అదేనంది.

చివరికి సోఫాల మధ్య రుబ్బురోలు, పైన గాజు పలక. కాఫీ టేబులట. 18 వేలు.

"లోపల చూడు బావా, ఎంత నున్నగా అరిగిందో. కొత్త రోలైతే 12 వేలే. ఈ అరుగుదలకే ఆరు వేలు ఎక్కువ."

గాజు మీదికి వంగి చూశాను. నిజమే, అద్దంలా ఉంది. ఏ ఊళ్లో ఏ తల్లి ఎన్నేళ్లు తెల్లారుజామున లేచి రుబ్బిందో, ఆమె కూలి ఆరు వేలూ పాత సామాన్ల వ్యాపారికి చేరాయి. పిండి కాదు కదా, దాంట్లో దుమ్ము కూడా పడకుండా పలక అంచులకి సిలికాన్ పట్టించారు.

మారతహళ్లిలో మా అద్దె ఇంటికి వచ్చేసరికి రాత్రి పదైంది. చెప్పులు విప్పకుండానే ఊళ్లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను.

"పెరట్లో అమ్మమ్మ రుబ్బురోలు ఉందేంరా?"

"ఉంది అన్నా. దాంట్లో కుక్కకి నీళ్లు పోస్తుండాం."

"లోపల అరిగిందా?"

"అరక్కుండా ఉంటాదా? మనం తిన్న ఇడ్లీలన్నీ దాంట్లోవే గదా!"

కుక్కకి స్టీలు గిన్నె కొనమని ఐదొందలు ఫోన్‌పే చేశాను.