అతిథి చేతికి గునుగు కట్ట ఇవ్వండి

నిరుడు సద్దుల బతుకమ్మకి హనుమకొండ వెళ్తుంటే, మా ఆఫీసులో పనిచేసే జర్మన్ అమ్మాయి తానూ వస్తానంది. విమానంలోనే నా లెక్చర్ మొదలైంది. ఎంగిలిపూలతో మొదలై సద్దులతో ముగిసే తొమ్మిది రోజులు, 2014లో రాష్ట్ర పండుగ అయింది... అక్కడితో ఆగితే బాగుండేది. "బతుకమ్మలో పేర్చే పూలలో ఔషధ గుణాలుంటాయి, చెరువులో వేస్తే నీళ్లు శుభ్రపడతాయి" అని కూడా అన్నాను. "ఎవరైనా టెస్ట్ చేశారా?" అని మామూలుగానే అడిగింది. నేను కిటికీలోంచి మబ్బులు చూశాను.

విదేశీయులు కనిపిస్తే చాలు, మన పండుగకి సైన్సు సర్టిఫికెట్ తగిలించందే ఊరుకోం. క్రిస్మస్ చెట్టు ఎందుకు పెట్టారని అడిగితే వాళ్లెవరైనా ఆక్సిజన్ సంగతి ఎత్తుతారా? "మా ఇంట్లో ఎప్పుడూ పెడతాం" అంటారు, అంతే. ఆరో రోజు అమ్మవారు అలుగుతుంది, ఆ రోజు బతుకమ్మ పేర్చరు అని చెప్పినప్పుడు మాత్రం ఆ అమ్మాయి కళ్లు మెరిశాయి. ఔషధ గుణాలు మర్చిపోయింది, అలక గుర్తుంది.

ఇంటికి చేరేసరికి వరండా నిండా తంగేడు, బంతి, చామంతి, రెండు సంచుల గునుగు. మా పెద్దమ్మకి ఇంగ్లిష్ రాదు, ఈమెకి తెలుగు రాదు. పెద్దమ్మ పక్కన కూర్చోబెట్టుకుని చేతికి గునుగు ఇచ్చింది. ఒక్కో కాడా ఒక్కో పొడవున కత్తిరిస్తుంటే "గట్ల గాదు బిడ్డా" అని లాక్కుని, మొనలన్నీ ఒక్క తీరుగా సర్ది, దారంతో బిగించి, కాడలు ఒక్క వేటుకి కోసి చూపించింది. తర్వాత రంగునీళ్లలో ముంచడం. గుమ్మడి ఆకులు పరిచిన తాంబాళంలో చుట్టూ తంగేడు, దానిమీద గునుగు, నడుమ ఖాళీ రాకుండా కాడల తుక్కు. ఆ తుక్కు ఎందుకో ఎవరూ చెప్పలేదు. మూడో వరసకి బతుకమ్మ ఒరిగింది, ఆమెకే తెలిసిపోయింది.

సాయంత్రం పద్మాక్షి గుట్ట దగ్గర, గులాబీ రంగంటిన వేళ్లతో, సగం చప్పట్లు తప్పుతూ ఆడింది. పల్లిసత్తు మూడుసార్లు అడిగి తింది.

ఇక ఇక్కడ మన తెలుగు సంఘం చేసే బతుకమ్మ వేడుక సంగతి. ఇరుగుపొరుగుని పిలిచి ముందు వరసలో కుర్చీ వేస్తాం, కండువా కప్పుతాం, ఫొటో తీస్తాం, పూలకీ పర్యావరణానికీ ఉన్న సంబంధం మీద అరగంట వాయిస్తాం. 'వెరీ కలర్‌ఫుల్' అని వాళ్లు వెళ్లిపోతారు. వాళ్లకి ఇంకేం చూపించాం గనక? ఇక్కడ తంగేడు దొరకదు, సూపర్‌మార్కెట్ చామంతులే దిక్కు. అయినా పేర్చడం పేర్చడమే. ఈసారి వాళ్ల ఆహ్వానంలో సాయంత్రం ఆరు అని కాదు, మధ్యాహ్నం రెండు అని వేద్దాం. కత్తెరలు మాత్రం ఇంకో పది తెప్పించాలి.