సవరణ: తప్పు రిపోర్ట్ చేస్తే శిక్ష అసలు ఉండదా?

అమెరికా యూనివర్సిటీల్లో పైలట్ శిక్షణ గురించి మొన్న రాసినప్పుడు, ట్రైనీ తన తప్పును ఏఎస్‌ఆర్‌ఎస్‌కు (విమానయానంలో జరిగే తప్పుల్ని స్వచ్ఛందంగా రిపోర్ట్ చేసే వ్యవస్థ) రాసి పంపితే ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఏ చర్యా తీసుకోదని, ఆ వ్యవస్థను నడిపేది కూడా ఎఫ్‌ఏఏనే అని చెప్పాను. రెండూ తప్పే. సరిచూసుకోకుండా రాశాను.

1976 నుంచి దాన్ని నడుపుతున్నది నాసా. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాకే సమాచారం బయటికి వెళ్తుంది. ఇక శిక్ష నుంచి రక్షణకు షరతులున్నాయి: తప్పు కావాలని చేసింది కాకూడదు, నేరమో ప్రమాదమో అయి ఉండకూడదు, గత 5 ఏళ్లలో ఉల్లంఘన తేలి ఉండకూడదు, 10 రోజుల్లోపు రిపోర్ట్ పంపాలి. ఇవన్నీ ఉన్నా ఉల్లంఘన జరిగిందని ఎఫ్‌ఏఏ తేల్చవచ్చు. జరిమానా, లైసెన్స్ సస్పెన్షన్ మాత్రం ఉండవు. ఇది ఎఫ్‌ఏఏ సొంత సలహా పత్రంలోనే ఉంది.

అక్కడికి పిల్లల్ని పంపబోతున్న తల్లిదండ్రులు ఇద్దరు నా మాటను 'భయం లేదు' అన్నట్టు తీసుకున్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ట్రైనీ తప్పు చెప్పుకోవడం శిక్షణ సంస్థ వాతావరణాన్ని బట్టి ఉంటుందని అన్నది మాత్రం మార్చుకోను. రిపోర్ట్ ఫారం అందరికీ ఒకటే. ఇరవై ఏళ్ల ట్రైనీ దాన్ని నింపుతాడా లేదా అన్నది ఇన్‌స్ట్రక్టర్ చేతిలో ఉంటుంది. ఆ ఇన్‌స్ట్రక్టర్ చాలాచోట్ల నిన్నటి విద్యార్థే, ఎయిర్‌లైన్ ఉద్యోగానికి కావాల్సిన ఫ్లయింగ్ గంటలు కూడబెట్టుకుంటున్నవాడు. తనకు తప్పు దాచడం అలవాటైతే కిందివాళ్లకూ అదే అబ్బుతుంది.